మిగిలిన ఊలుతో మొదటి అల్లికలు



వేసవి సెలవుల్లో సంఘం హాలులో ఆడపిల్లలకు నడిపిన క్రోషియా తరగతి గురించి చెప్పమన్నారు. నడిపింది మేము ముగ్గురు టీచర్లం. ఖర్చు పెద్దగా లేదు. సూదులు, రెండు కత్తెరలు, జడకు పెట్టుకునే నల్ల రబ్బరు బ్యాండ్లు కొన్నాం. ఊలు మాత్రం మీ ఇళ్లలోంచే వచ్చింది. స్వెట్టర్ అల్లగా మిగిలిన అర ఉండ, పాత శాలువా విప్పిన దారం, ఎవరో టేబుల్ క్లాత్ మొదలుపెట్టి పెళ్లయ్యాక వదిలేసిన నూలు, అన్నీ సంచుల్లో కలగాపులగంగా వచ్చాయి. మొదటి రెండు రోజులు పిల్లలు చేసిన పని చిక్కులు విప్పి ఉండలు చుట్టడమే. నోరు మెదపని పిల్లలు కూడా ఆ రెండు రోజుల్లోనే కబుర్లలో పడ్డారు.

మిగిలిన దారంతో అసలు ఇబ్బంది, దాని మీద చీటీ ఉండదు. ఏ దారమో తెలియాలంటే చిన్న తునకను పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని కాల్చి చూడాలి. ఇది పెద్దవాళ్లు చేయాల్సిన పని. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. అసలు ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా గడ్డకడుతుంది. మనం బజారులో ఊలు అని కొనేది చాలావరకు ఈ యాక్రిలిక్కే. ఈ తేడా తెలియకుండా యాక్రిలిక్‌తో వేడి గిన్నె కిందికి చక్రం అల్లితే అది కరిగి గిన్నెకి అంటుకుంటుంది. అందుకని వంటింటి వస్తువులకు నూలు, జడ బ్యాండ్లకు యాక్రిలిక్ అని వేరు చేయించాం. సూది మధ్యరకం ఊలుకి 4 మిల్లీమీటర్లది సరిపోతుంది. లేసు అల్లే సన్నటి ఉక్కు సూది కొత్తవాళ్ల చేతికి ఇవ్వకూడదు. కుట్టు కనపడదు, కళ్లు లాగుతాయి, మూడో రోజుకి మానేస్తారు.

సాధారణంగా అందరూ మొదట చదరం ముక్క అల్లిస్తారు. మాకు ఆ పద్ధతి నచ్చదు. వరుస చివరి కుట్టు కొత్తవాళ్ల కంటికి ఆనదు. వరుసకొకటి చొప్పున జారిపోయి చదరం కాస్తా త్రికోణం అవుతుంది. పిల్ల బిక్కమొహం వేస్తుంది. రబ్బరు బ్యాండుకి అంచంటూ లేదు. దాని చుట్టూ సింగిల్ కుట్లు వేసుకుంటూ పోవడమే. రెండో చుట్టులో ఒక్కో కుట్టులో మూడేసి డబుల్ కుట్లు వేస్తే కుచ్చులు కుచ్చులుగా లేస్తుంది. లెక్క తప్పినా తెలియదు. మొదటి రోజే తల్లో పెట్టుకుని ఇంటికి వెళ్లేది ఒకటి చేతికి వచ్చిందంటే రెండో రోజు పిలవకుండా వస్తారు.

ఆ తర్వాత గ్లాసు కింద పెట్టే చక్రం. ఇక్కడ మాకు లెక్కల పాఠం కలిసొచ్చింది. సింగిల్ కుట్టుతో చక్రం 6 కుట్లతో మొదలవుతుంది. చుట్టుకి 6 చొప్పున పెరగాలి, 12, 18, 24, 30. ఆరో ఎక్కం చేతిలో తిరుగుతున్నట్టే. పెంచడం మరిచిపోతే చక్రం గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువ పెంచితే అప్పడంలా అలలు అలలుగా లేస్తుంది. తప్పెక్కడో టీచరు చెప్పక్కర్లేదు, అల్లికే చెబుతుంది. ఇంకొక కిటుకు, చుట్టు పెరిగేకొద్దీ దారం ఎక్కువ పడుతుంది కాబట్టి చిన్న ముక్కలు నడిమికి, పెద్ద ఉండ అంచుకి. రంగు మార్చిన ప్రతిచోటా జానెడు కొస వదిలి లోపలికి దూర్చాలి. పొట్టిగా కత్తిరిస్తే మొదటి ఉతుక్కే ఊడిపోతుంది.

ఆ చక్రమే పెద్దదైతే టోపీ. తమ్ముడి తల చుట్టుకొలత 50 సెంటీమీటర్లు ఉంటే 3.14తో భాగించి, సుమారు 16 సెంటీమీటర్ల వెడల్పు వరకు చక్రం పెంచి, అక్కడి నుంచి పెంచకుండా నేరుగా దిగాలి. అల్లిక సాగుతుంది కనుక కొంచెం తక్కువే మేలు. వృత్తం పరిధి ఎందుకు నేర్చుకోవాలని క్లాసులో అడిగిన పిల్లే ఇక్కడ టేపు పట్టుకుని తమ్ముడి వెంట పరుగెత్తింది.

ఇక అసలు చెప్పదలచుకున్నది. ఈ తరగతిని ఉపాధి కేంద్రం చేద్దామని కొందరు దాతలు ప్రేమగా అన్నారు. అదే రోజుల్లో ఒక తల్లి మా దగ్గరకు వచ్చి, "పది పాసయింది కదా మేడమ్, ఇక కాలేజీ ఎందుకు, ఇంట్లోనే కూర్చుని ఇవి అల్లుకుంటుంది" అన్నారు. బజారులో ఒక ఫ్యాన్సీ షాపు జడ బ్యాండుకి 12 రూపాయలు ఇస్తామంది. లెక్క ఆ అమ్మాయి చేతే వేయించాం. బ్యాండుకి 40 నిమిషాలు. రబ్బరుకి 2 రూపాయలు పోతే మిగిలేది 10. తల ఎత్తకుండా 8 గంటలు అల్లితే 12 బ్యాండ్లు, 120 రూపాయలు. అదీ ఊలు ఊరికే వచ్చింది గనుక. తల్లి ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. సరేనని మాత్రం అనలేదు.

మన నరసాపురం లేసు మీకందరికీ తెలుసు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అయితే మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడి స్త్రీల గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజంతా లేసు అల్లే ఆడవాళ్లను ఇంటి ఇల్లాళ్లని, తీరిక వేళ కాలక్షేపం చేస్తున్నారని అనేవారని, ఆ మాట చాటున కూలి బాగా తక్కువగా ఉండేదని ఆమె చూపించారు. దానిలో సరుకు మాత్రం విదేశాలకు వెళ్లేది. మన ఆడపిల్లల చేతికి సూది ఇచ్చేటప్పుడు ఇది మనసులో ఉండాలి. అల్లిక నేర్పుదాం, చదువుకి బదులుగా మాత్రం వద్దు.

బయట బల్ల మీద పిల్లలు అల్లినవి ఉన్నాయి. ప్రతిదానికీ చీటీ కట్టాం. ఎన్ని గ్రాముల దారం, ఎన్ని నిమిషాలు, ఎంత ధర, అన్నీ పిల్లల చేతిరాతే. జాలిపడి రెట్టింపు ఇవ్వకండి, బేరమూ ఆడకండి. నచ్చితే చీటీ మీది ధరకి తీసుకోండి.

ఆ అమ్మాయి ఇంటర్ ఫీజు దరఖాస్తు కమిటీ దగ్గర ఉంది. అడ్మిషన్ల గడువు ఈ నెలాఖరు. తల్లి మొన్న ఫోన్ చేసి, ఫీజు దొరికితే పంపిస్తానన్నారు.

దసరా సెలవుల్లో మళ్లీ తరగతి పెడుతున్నాం. ఇంట్లో ఊలు మిగిలి ఉంటే ఉతికి, ఆరబెట్టి, చీటీ ఉంటే దానితో సహా పంపండి. పిడికెడు ఉన్నా చాలు. పురుగు కొట్టినది, చేత్తో లాగితే తెగిపోయేది వద్దు. నలుపు ఇప్పటికే చాలా ఉంది, లేత రంగులు తక్కువగా ఉన్నాయి.