పెద్ద రెస్టారెంటులో భోజనం, చివర్లో బిల్లు

పెళ్లిరోజనో, పిల్లలకి ఉద్యోగం వచ్చిందనో ఎప్పుడో ఒకసారి పెద్ద రెస్టారెంటుకి వెళ్తాం. హైదరాబాదునే తీసుకోండి. వేడెక్కిన రాతిపలక మీద కాల్చిన పత్థర్ కా గోష్త్ పొగలు కక్కుతూ వస్తుంది. ఆఖర్న ఖుబానీ కా మీఠా. ఎండు ఆప్రికాట్లను గంటల తరబడి నానబెట్టి, మెల్లగా ఉడికించి, పైన మీగడ వేసి ఇస్తారు. అంత ఓపికతో చేసిన వంటకి నాలుగు డబ్బులు ఎక్కువ ఇచ్చినా నాకు నష్టమనిపించదు.

మరి మనసు చివుక్కుమనేది ఎక్కడ? చాలాసార్లు బిల్లు దగ్గరే. అడగకుండానే సీసా నీళ్ల మూత తీసేస్తారు. మామూలు తాగునీళ్లు చాలని ముందే చెప్పండి.

ఇక సర్వీస్ ఛార్జి. ఇది పన్ను కాదు. మళ్లీ చెబుతున్నాను, పన్ను కాదు. జీఎస్టీ ప్రభుత్వానికి వెళ్తుంది, అది కట్టాల్సిందే. సర్వీస్ ఛార్జి మాత్రం మన ఇష్టం. దాన్ని రెస్టారెంటు వాళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటనే సమర్థించింది.

వడ్డించిన అబ్బాయి బాగా చూసుకున్నాడా? తోచింది అతని చేతిలోనే పెట్టండి. బిల్లులో ఆ ఛార్జి కనిపిస్తే మర్యాదగా తీసేయమనండి. తీయనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. నంబరు 1915. రాసుకోండి: ఒకటి, తొమ్మిది, ఒకటి, అయిదు.