గిన్నె శిలీంధ్రములు - ఇంటిపేరు, పెట్టిన పేరు



శాస్త్రజ్ఞులు బూజుకు రెండు ముక్కల లాటిను పేరు పెట్టినందువలన మనకు ఒరుగునదేమని మీరు అడుగవచ్చును. తెగులును సరిగా గుర్తించుటకు ఆ పేరే దారి చూపును.

వానకాలమున తడిసిన కొయ్యలపైన, పేడపైన చిన్న గిన్నెల వంటి శిలీంధ్రములు కనిపించును. గిన్నె లోపలి పొరలో సన్నని సంచులు నిలువుగా పేర్చినట్లుండును. ఒక్కొక్క సంచిలో సాధారణముగా 8 సిద్ధబీజములుండును. కొన్నింటిలో సంచి కొన మూతవలె తెరచుకొనును. కొన్నింటిలో చిన్న రంధ్రము మాత్రమే ఏర్పడును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూదియే 1885లో ఈ భేదమును బట్టియే వీనిని రెండుగా విభజించెను.

రంధ్రము గల వర్గములో పైరుకు శత్రువొకటి కలదు. 1837లో మారీ ఆన్ లిబేర్ అను విదుషి దానికి పెజైజా స్క్లెరోషియోరమ్ అని పేరిడెను. ఇందు మొదటిది ఇంటిపేరు వంటిది, రెండవది పెట్టిన పేరు. 1870లో ఫుకెల్ దానిని స్క్లెరోటీనియా అను కొత్త ఇంట చేర్చి, ఆమె గౌరవార్థము లిబర్టియానా అని పిలిచెను. కాని ఇంటిపేరు మారినను, మొదట పెట్టిన పేరు మారరాదని నియమము. కావున నేడది స్క్లెరోటీనియా స్క్లెరోషియోరమ్. ఉత్తర భారతమున ఆవ పైరుకు కాండము కుళ్ళు కలిగించునది ఇదే.

మన వేరుశనగలో మొదలు కుళ్ళు కలిగించు స్క్లెరోషియమ్ రాల్ఫ్సీ పేరు వినుటకు దీని తోబుట్టువువలె నుండును. కాని అది గిన్నె పెట్టదు. పుట్టగొడుగుల వర్గమునకు చెందినది. శనగలో ఈ రెండును రాగలవు. రెండింటికిని తెల్లని బూజే.

భేదము గింజలలో నున్నది. రాల్ఫ్సీ గింజలు ఆవగింజలంత, గుండ్రముగా, గోధుమరంగున మొక్క మొదట నుండును. అది వెచ్చని తడినేలలో, చెత్త నాశ్రయించి ప్రాకును. స్క్లెరోటీనియా గింజలు ఎలుక పెంటికలవలె నల్లగా, కాండము లోపల కూడ నుండును. అవి చలి, తేమ కలిసినపుడు నేలపై గిన్నెలెత్తును. అందుండి సిద్ధబీజములు గాలిలో ఎగిరి పొరుగు చేనికిని పోవును.

కావున రాల్ఫ్సీకి మొక్కల మొదళ్ళ చెత్త తీసివేయుడు. స్క్లెరోటీనియాకు మొక్కలను ఒత్తుగా పెంచకుడు. పూతవేళ మాటిమాటికి నీరు పెట్టకుడు. విత్తనములలో నల్లని గింజలు లేకుండ జల్లించుడు. రెండింటికిని జొన్న, మొక్కజొన్నలతో పంట మార్పిడి మేలు.

మొక్క వాడినపుడు మందు కొనుటకు ముందు దానిని పెరికి, కాండము చీల్చి గింజను చూడుడు. సందేహమున్న కాగితములో పొట్లము కట్టి వ్యవసాయాధికారికి చూపుడు.