రెండున్నర దగ్గర గుట్ట

నా పరిచయం చదివినవారు అభిమానం కొద్దీ నన్ను కాస్త పెంచి చెప్పారు. అందులో సగం తీసేసి మిగతాది ఉంచుకోండి. పట్టాలు అందుకున్న బయోస్టాటిస్టిక్స్ పిల్లలకు అభినందనలు. మర్యాదలు ఇంతటితో సరి.

మీ థీసిస్ గురించి మాట్లాడదామని వచ్చాను. ప్రాబబిలిటీ, ఇన్ఫరెన్స్, రిగ్రెషన్, సర్వైవల్ అనాలిసిస్ పేపర్లను రాత్రిళ్లు కూర్చుని చదివైనా గట్టెక్కొచ్చు. థీసిస్ అలా కాదు. సినాప్సిస్ రాయాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకోవాలి, గైడ్ గారి వెంట తిరగాలి, చివర్న బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు కూర్చుని వైవా ఇవ్వాలి. అమెరికాలో అయితే ఎమ్మెస్‌కు చాలా విశ్వవిద్యాలయాల్లో రెండు దారులుంటాయి. ఒకటి థీసిస్ రాసేది, రెండోది దానికి బదులు సమగ్ర పరీక్షో ప్రాజెక్టో పూర్తిచేసేది. ఏది తీసుకోమంటారని అక్కడికి వెళ్లే మన పిల్లలు నాకు మెయిళ్లు పెడుతుంటారు. వాళ్లు అసలు అడిగేది ఏది తొందరగా అయిపోతుందనే. థీసిస్ తీసుకోమంటే మళ్లీ మెయిల్ రాదు.

నేనెందుకు అలా చెబుతానో వినండి. ఎమ్మెస్సీ రెండో ఏడు నా థీసిస్ అప్పుడే పుట్టిన బిడ్డల బరువుల మీద. ఒక ప్రభుత్వాసుపత్రి డెలివరీ రిజిస్టర్ల నుంచి అంకెలన్నీ ఎక్కించుకుని, రిగ్రెషన్ మోడల్ గురించి చర్చిద్దామని మా గైడ్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మోడల్ ఊసే ఎత్తలేదు. గ్రాఫు కాగితం చేతికిచ్చి హిస్టోగ్రాం గీయమన్నారు. గీస్తే రెండున్నర కిలోల దగ్గర పెద్ద గుట్ట లేచింది. మూడు దగ్గర ఇంకోటి. 2.4 దగ్గర దాదాపు ఖాళీ.

"ఈ ఊరి తల్లులందరూ రెండున్నర కిలోలకే కంటారా నాయనా? వెళ్లి చూసిరా" అన్నారు.

వెళ్లాను. లేబర్ రూంలో అప్పట్లో ముల్లు కాటా. పైన రేకు తొట్టి, అందులో తడి గుడ్డతో సహా బిడ్డ. బిడ్డ కాళ్లాడిస్తుంటే ముల్లు 2.3కీ 2.6కీ మధ్య ఊగుతోంది. సిస్టర్ గారు ఒక్క చూపు చూసి "రెండున్నర" అన్నారు, ఆయమ్మ రాసేసింది. బిడ్డను తీశాక చూస్తే ఖాళీ కాటా ముల్లు సున్నా మీద లేదు, 100 గ్రాములు దాటి నిలబడింది. 2,500 గ్రాముల లోపుంటే తక్కువ బరువు బిడ్డని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. "తక్కువ రాస్తే ఇంకో ఫారం నింపాలి బాబూ, పిల్లల డాక్టరు గారిని నిద్ర లేపాలి" అన్నారు సిస్టర్ గారు. రాత్రంతా కాన్పులు చేసి, నిలబడే ఓపిక లేక గోడకానుకున్న మనిషి. ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

ఆ ఆసుపత్రిలో తక్కువ బరువు బిడ్డలు ఎంత శాతమో తేల్చింది తల్లి రక్తహీనతా కాదు, వయసూ కాదు, ఇంకో ఫారం. ఆ గుట్ట మీద ఒక అధ్యాయం రాశాను. వైవాలో పరీక్షకుడు నా రిగ్రెషన్ పట్టికలను చకచకా తిప్పేసి, గంటసేపు దాని మీదే అడిగారు.

ఇలాంటి గుట్టలు అంతటా ఉంటాయి. జనాభా లెక్కల్లో వయసులు చూడండి, 0తోనూ 5తోనూ ముగిసేవే ఎగబడి ఉంటాయి. బీపీ చూసినవాళ్లు సున్నాతో ముగిసే అంకె దగ్గర ఆగుతారు. ఇవన్నీ మీకు పాఠంలో చెప్పే ఉంటారు, మార్కులూ వచ్చే ఉంటాయి. నా బెంగ అది కాదు. మీకిప్పుడు డేటా పెన్‌డ్రైవ్‌లో, ఇస్త్రీ చేసిన చొక్కాలా మడతపెట్టి వస్తోంది. కాటాను చూడకుండానే, సిస్టర్ గారితో ఒక్క మాటైనా మాట్లాడకుండానే థీసిస్ ముగిసిపోతోంది. కంప్యూటర్‌లో మోడల్ మూడు సెకన్లలో వచ్చేస్తుంది. ఆనక "పీ వేల్యూ 0.05 లోపు రాలేదు సార్" అని నా దగ్గర ఏడుపు ముఖాలు! రాకపోతే రాలేదని రాయండి. దానికి మీ పట్టా ఎవరూ లాక్కోరు.

శాంపుల్ సైజుదీ ఇదే కథ. ఎండీ చదివే డాక్టర్లకూ థీసిస్ తప్పనిసరి కాబట్టి, సబ్మిషన్‌కు వారం ముందు ఎక్సెల్ ఫైలుతో మీ దగ్గరకే వస్తారు. "అరవై మందిని తీసుకున్నాం, అరవై వచ్చేలా ఫార్ములా పెట్టండి" అంటారు. నవ్వుతున్నారంటే మీకూ ఎదురైందన్నమాట. ఎంతమందిని తీసుకోవాలో ముందే తేల్చి, విశ్లేషణ ఎలా చేస్తారో డేటా విప్పకముందే రాసిపెట్టాలి. క్లినికల్ ట్రయల్స్ గణాంకాల మీద 1998 నాటి ఐసీహెచ్ ఈ9 మార్గదర్శకం మందుల కంపెనీలకు చెప్పిందీ అదే. ఆ డాక్టరు మీ స్నేహితుడైనా సరే, టీ తాగించి పంపేయండి.

దగ్గరుండి కొలవడం చిన్నవాళ్ల పని అనుకునేవాళ్లకు గణాంకవేత్త సి.ఆర్.రావు గారి సంగతి చెబుతాను. తెలుగింట పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1943లో కలకత్తా విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ఎంఏకి థీసిస్ రాశారు. రెండేళ్లకే, 1945లో, మీరు పరీక్షల్లో రాసొచ్చిన క్రామర్-రావు అసమీకరణం ప్రచురించారు. అంతటి మనిషి ఆ తర్వాత కేంబ్రిడ్జ్ వెళ్లి చేసిన పనేమిటో తెలుసా? సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాలను కొలవడం. పరికరం పట్టుకుని, ఎముక తర్వాత ఎముక.

ఎక్కించిన ఫైలును వెనక్కి తిరిగి చూడకపోతే ఏమవుతుందో 2009లో అందరికీ తెలిసింది. హ్యూస్టన్‌లో ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ గణాంకవేత్తలు కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్, క్యాన్సర్ మందుల ఎంపిక మీద వచ్చిన పేరున్న పరిశోధనలను ముడి డేటా నుంచి మళ్లీ చేసి చూశారు. జన్యువుల జాబితా ఒక వరుస కిందికి జారి ఉంది. మందుకు లొంగే కణాలకూ లొంగని వాటికీ చీటీలు తారుమారయ్యాయి. ఆ లెక్కలు నమ్మి అప్పటికే రోగుల మీద ట్రయల్స్ నడుస్తున్నాయి. ఒక వరుస, పిల్లలూ! ఒక్కటంటే ఒక్క వరుస!

సోమవారం నుంచి మీలో కొందరు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాల్లో చేరతారట. మొదటి డేటాసెట్ రాగానే మోడల్ జోలికి పోకుండా హిస్టోగ్రాం గీయండి. ఖాళీ గడులు ఎన్ని, 99 అని రాసినవి ఎన్ని, ఆ 99 వయసా లేక తెలియదని అర్థమా అని ఫోన్ చేసి అడగండి. టైమ్ వేస్టని మేనేజర్ విసుక్కుంటే నా పేరు చెప్పండి. ఆ ఊళ్ల మేనేజర్లలో సగం మంది నా శిష్యులే, నన్ను తిట్టుకోవడం వాళ్లకు అలవాటే.