ఆటలో అందరికీ చోటు



చూపు లేని బిడ్డయో, వినికిడి లేని బిడ్డయో యింట ఉన్నప్పుడు మనము మొదట తలచునది తిండి, బట్ట, వైద్యము. పిదప చదువు, ఉపాధి. ఇవన్నియు అవసరములే. కాని సాయంకాలము తోటి పిల్లలు ఆటకు పోవుచుండగా ఆ బిడ్డ అరుగుమీద ఒంటరిగా కూర్చుండుట మనకు లోపముగా తోచదు. దెబ్బ తగులునేమో యని మనమే కూర్చుండబెట్టుదుము. ఆ భయము ప్రేమనుండి పుట్టినదే. అయినను పడి లేచుట యెరుగని బిడ్డకు ధైర్యము ఎట్లు కలుగును? స్నేహితులు ఎక్కడ దొరకుదురు?

వారు ఆడజాలరనుట సత్యము కాదు. అంధుల క్రికెట్టును చూడుడు. ప్లాస్టిక్ బంతిలో చిన్న గుండ్లుండి, దొర్లునపుడు గలగల మ్రోగును. బౌలరు ముందుగా "రెడీయా?" యని అడిగి, బ్యాటరు ఔనన్న పిమ్మట "ప్లే" యని పలికి, చేతిని క్రిందినుండి ఊపి బంతిని వేయును. జట్టులోని పదునొకండుగురిలో కనీసము నలుగురు పూర్తిగా చూపు లేనివారై యుండవలెను. వారు కొట్టిన పరుగులు రెట్టింపుగా లెక్కింపబడును. ఈ క్రీడలో మొదటి ప్రపంచకప్పు 1998లో ఢిల్లీలో జరిగినది. 2018లో కప్పు గెలిచిన భారతజట్టుకు నాయకుడు మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అజయ్ కుమార్ రెడ్డి. 2025లో జరిగిన మొట్టమొదటి అంధమహిళల టీ20 ప్రపంచకప్పును మన దేశపు ఆడపడుచులే గెలిచిరి.

బధిరుల అంతర్జాతీయ క్రీడలు 1924లోనే పారిస్ నగరమున ఆరంభమైనవి. నేడు వానిని డెఫ్లింపిక్స్ అందురు. అచట పరుగుపందెమునకు తుపాకి చప్పుడుకు బదులు దీపకాంతియే సంకేతము. చూపు లేనివారి చదరంగపు పలకపై నల్లగళ్లు కొంచెము ఎత్తుగా నుండును. పావులు కదలకుండ గళ్లలోని రంధ్రములందు నిలుచును. వేళ్లతో తడవి ఎత్తులు వేయుదురు.

వీనిలో మనము గ్రహింపవలసినది యొక్కటే. ఇచ్చట ఎవరును బిడ్డను మార్చలేదు, ఆటను మార్చిరి. మార్పు స్వల్పము, ఫలము గొప్పది.

కనుక మన ఊరి ఉత్సవములలో పిల్లల పోటీలు పెట్టునపుడు వీరిని బహుమతులిచ్చు వేళ మాత్రమే వేదికపైకి పిలిచి జాలి చూపవలదు. పోటీలోనే చోటు కల్పింతము. బంతికి పాలిథిన్ సంచి చుట్టినను గరగర శబ్దము వచ్చును. ఈల ఊదువారు చేత జెండా కూడ పట్టవచ్చును. వినలేని నేస్తముతో మాటలాడుటకు పిల్లలు పది సైగలు నేర్చుకొందురు గాక. ఏ ఆట కావలెనో ముందుగా ఆ బిడ్డనే అడుగుదము. అన్నదానమున పంక్తిలో అందరికిని విస్తరి వేయు మనము, ఆటస్థలమున మాత్రము కొందరిని లేపివేయుట ధర్మము కాదు.