పొగగొట్టం పాలయ్యే వేడి

కోహెడలో కమ్మరి కొలిమి ఊదినా, పట్నంలో గాజు ఫర్నేసు మండినా లోపలికి పోయేది ఒకటే గాలి. అందులో ఆక్సిజన్ 21 శాతమే. 78 శాతం నైట్రోజన్. అది మండదు, మంటకు తోడ్పడదు. పిలవని చుట్టంలా మన ఇంధనం ఇచ్చిన వేడిని తిని, పొగగొట్టంలోంచి వెళ్లిపోతుంది.

ఈ నష్టం తగ్గాలంటే గాలిలో ఆక్సిజన్ పాలు పెంచాలి. విశాఖ ఉక్కు కర్మాగారంలో గాలిని ద్రవంగా మార్చి ఆక్సిజన్ తీస్తారు. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రోగుల కోసం నడిచిన తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు నిండింది అక్కడే. అంత శుద్ధమైనది అందరికీ అక్కర్లేదు. 30 శాతం చాలనుకుంటే గాలిని విడదీసే మిశ్రమ పొరలున్నాయి. అడుగున బలానికి సన్న రంధ్రాల పాలీసల్ఫోన్, పైన మైక్రాన్ పాటి సిలికోన్ పూత. పనంతా పూతదే. జల్లెడ అనుకోకండి, ఈ పూతలో రంధ్రాల ఊసే లేదు. సిలికోన్‌లో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది కాబట్టి నైట్రోజన్ కన్నా సుమారు రెట్టింపు వేగంతో దాటుతుంది. అవతలినుంచి వాక్యూమ్ పంపు లాగుతుంది. పూతకు చిల్లు పడిందా, వచ్చేది మామూలు గాలే!

హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఇలాంటి పొరల మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. అయితే పంపు కరెంటు బిల్లు కన్నా మిగిలే ఇంధనం విలువ ఎక్కువుండాలి. ఆక్సిజన్ ఎక్కువై మంట వేడి పెరిగితే నైట్రోజన్ ఆక్సైడ్లూ పెరుగుతాయి, బర్నరు మార్చుకోవాల్సి రావచ్చు. నన్నడిగితే, రాత్రింబవళ్లు మండే పెద్ద ఫర్నేసులకే ఇది గిట్టుబాటు.