నడుము నొప్పికి గర్భసంచి తీయించుకోవాలా?



నడుము నొప్పి ఎరుగని ఇల్లు మన పల్లెల్లో అరుదు. నాట్లు వేసే ఆడవారికీ, బస్తాలు మోసే మగవారికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. అయితే ఆడవారికి వస్తే మాత్రం ఇరుగుపొరుగు రెండు మాటలంటారు. "కు.ని. ఆపరేషన్ వల్లనే వచ్చింది" అని ఒకటి. "గర్భసంచి చెడిపోయింది, తీసేస్తే పోతుంది" అని మరొకటి. ఈ రెండు మాటల్లో నిజమెంతో చూద్దాం. భార్యాభర్తలిద్దరూ వినండి.

నడుములో అయిదు పెద్ద పూసలు, వాటి మధ్య మెత్తని డిస్కులు, చుట్టూ కండరాలు ఉంటాయి. రోజంతా వంగి కలుపు తీసినా, నిండు బిందెను ఎప్పుడూ ఒకే పక్కన మోసినా, 50 కిలోల బస్తాను మోకాళ్లు వంచకుండా ఎత్తినా, ఆ భారం వీటిమీదే పడుతుంది. ఎక్కువమందికి నొప్పి ఇలా వచ్చినదే. కొద్ది వారాల్లో తగ్గిపోతుంది.

ఇక కు.ని. ఆపరేషన్ సంగతి. అందులో గర్భసంచికి ఇరువైపులా ఉండే సన్నని గొట్టాలను మూసివేస్తారు, అంతే. ఎముకను గాని, నడుము నరాన్ని గాని ముట్టుకోరు. కొద్ది రోజులు పొత్తికడుపులో, మత్తు సూది ఇచ్చిన చోట నొప్పి ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి అది కారణం కాదు. కాన్పులు, చంటిబిడ్డను ఎత్తుకోవడం, పొలం పని అన్నీ ఆ వయసులోనే మీద పడతాయి. అందుకే ఆపరేషన్ నాటినుంచే వచ్చినట్లు తోస్తుంది.

రెండో మాట మరీ ప్రమాదం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో నూటికి సుమారు 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. గర్భసంచి తీయక తప్పని జబ్బులు ఉన్నమాట నిజమే. కాని నడుము నొప్పి, తెల్లబట్ట మాత్రమే ఉంటే తీయనక్కరలేదు. వాసనతో తెల్లబట్ట అవుతుంటే మందులున్నాయి. ఒక్కోసారి భర్త కూడా వాడాలి. చిన్న వయసులో గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. నొప్పి పోవాలని చేయించుకున్నది నడుముకే చేటు తెస్తుందన్నమాట!

నొప్పి వస్తే ఇలా చేయండి. మంచం పట్టి పడుకోకండి; ఓర్చుకోగలిగినంతలో నడవండి, తేలికపాటి పని చేసుకోండి. వేడి కాపడం పెట్టుకోండి. బరువును మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తండి. నీళ్లు, కట్టెలు మోసే పని ఇద్దరూ పంచుకోండి. రోజూ నొప్పి బిళ్లలు కొని మింగకండి. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి.

ఈ గుర్తులుంటే మాత్రం ఆలస్యం చేయవద్దు:

• కాళ్లలో పట్టు తప్పడం, కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం బిగబట్టడం, తెలియకుండానే మలమూత్రాలు పోవడం. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. 108కి ఫోన్ చేయండి.
• జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు పడుకున్నా తగ్గని నొప్పి. ఇది వెన్నెముక క్షయ కావచ్చు.
• చెట్టుమీదనుంచో, బండిమీదనుంచో పడిన తరువాత వచ్చిన నొప్పి.
• మూత్రంలో మంట, చలిజ్వరం.
• గర్భిణికి నొప్పి వచ్చి పోతూ ఉండడం, రక్తం కనిపించడం.
• బహిష్టు తప్పి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి. కు.ని. ఆపరేషన్ అయినవారికైనా అరుదుగా గర్భం గొట్టంలో నిలవవచ్చు, ఇది ప్రాణాపాయం.

ఇవేవీ లేకున్నా నెలన్నర దాటి నొప్పి తగ్గకపోతే ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి.

ఎవరైనా గర్భసంచి తీయాలంటే తొందరపడి ఒప్పుకోకండి. ఇద్దరూ వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: ఏం జబ్బు? మందులతో తగ్గదా? తీయకపోతే ఏమవుతుంది? తరువాత ప్రభుత్వ ఆసుపత్రిలో మరో డాక్టరుకు కూడా చూపించండి. అడగడం మీ హక్కు. ఒకసారి తీసినది మళ్లీ పెట్టలేరు కదా!