హోజు పోయిన తరువాత: కొరియా ధారావాహికలలో గృహాధికారము

ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పడినదో ఆ పెద్దలు నాటకమును ప్రాణముగ ప్రేమించినవారు గనుక, టెలివిజను ధారావాహికను గూర్చి ఈ వేదికమీద మాటలాడుట అపచారము కాదని తలచుచున్నాను.

దక్షిణ కొరియాలో 2008వ సంవత్సరము రావడముతో హోజు అను పద్ధతి అంతరించెను. అంతవరకును ప్రతి కుటుంబమునకు పట్టికలో ఒక యజమాని యుండవలెను. సామాన్యముగ అతడు పురుషుడే. వివాహమైన స్త్రీ పుట్టింటి పట్టికనుండి తొలగి భర్తృకుటుంబపు పట్టికకెక్కును. యజమాని గతించినచో ఆ స్థానము అతని భార్యకుగాని తల్లికిగాని గాక, పసివాడైనను కుమారునకే ముందుగ సంక్రమించును. ఇది రాజ్యాంగముతో పొసగదని రాజ్యాంగ న్యాయస్థానము 2005లో తీర్పు చెప్పగా శాసనసభ చట్టమును సవరించెను. పట్టికలో యజమాని పోయెను, మరి ఇంటిలోనో? ఈ ప్రశ్నకు సమాధానము ధర్మశాస్త్రములకన్న ఆ దేశపు వారాంతపు ధారావాహికలలో తేటగ దొరకునని నా అభిప్రాయము.

కిమ్ సూ హ్యొన్ అను రచయిత్రి 1991లో ‘ప్రేమ యననేమి’ అను కథను వ్రాసినది. అందు లీ సూన్ జే ధరించిన తండ్రి పాత్ర గర్జించినచో ఇల్లెల్ల అణగియుండును; కథలోని కుమారుడు డేబల్ పేరిట ‘డేబల్ తండ్రి’ యనిన మాట ఆ దేశమున మొండి గృహయజమానికి పర్యాయముగ నిలిచిపోయినది. అతని భార్యగ కిమ్ హే జా నటించినది. ఆ ఇల్లాలికి తిరుగుబాటు లేదు. ‘తతత’ అను పాట వినుచు తన గోడు తనలో తాను వెళ్లబోసికొనుటయే కలదు. అంతకుముందు ఎవరును పట్టించుకొనని ఆ పాట, ఆమె పుణ్యమా యని, దేశమంతట మారుమ్రోగినది.

పదునారేండ్లకు పైబడిన పిదప, హోజు రద్దయిన ఆ 2008లోనే, అదే రచయిత్రి ‘అమ్మకు కోపము వచ్చినది’ అను కథలో ఆ నటీనటులనే మరల ఎదురెదురుగ నిలిపినది. కాని ఇప్పుడు వారు మామగారును కోడలును. జీవితమంతయు వండి వడ్డించి, మువ్వురు బిడ్డలను పెంచి, వృద్ధుడైన మామగారికి ఉపచారము చేసిన కిమ్ హాన్ జా, కుటుంబమునుండి ఒక్క యేడాది సెలవు కావలెనని అడుగును. బిడ్డలు దిగ్భ్రాంతులగుదురు, మామగారు మాత్రము ఆమె పక్షము వహించును. ఆమె ఒంటిగది ఇల్లు అద్దెకు తీసికొని తన ఇచ్చవచ్చినట్లు కాలము గడపును. చూడుడు, ఆమె కోరినది హక్కు కాదు, సెలవు; సెలవనగ ఇచ్చువాడొకడు ఉండవలెను గదా. రచయిత్రి దీనిని ఎరుగకపోలేదు. ఆమె చాతుర్యమంతయు, నాటి గర్జనకు కంఠమిచ్చిన నటునిచేతనే నేడు సమ్మతి పలికించుటలో నున్నది.

అధికారము పురుషులదే యనుకొందుమేని, అదే కథలో చిన్నకూతురు మెట్టిన సంపన్నగృహము ఆ భ్రమను తీర్చును. అచ్చట చక్రము త్రిప్పునది అత్తగారు. భర్త సయితము ఆమె కనుసన్నల మెలగును. మన అత్తాకోడళ్ల సీరియళ్లను తలచి మీరు నవ్వుచున్నారు, నవ్వవచ్చును. అయినను ఈ అత్తగారికి విషప్రయోగములతో పనిలేదు, మర్యాదగ పలికిన ఒక్క వాక్యము చాలును.

2012లో పాక్ జీ యున్ వ్రాసిన ధారావాహికయందు ఛా యూన్ హీ అను ఉద్యోగిని, అత్తవారి బాధ యుండదను ధీమాతో, అమెరికాలో పెంపకమునకు పోయిన అనాథను ఏరికోరి పెండ్లాడును. తీరా చూడగ, అతనిని కన్నవారు ఆ దంపతులు అద్దెకున్న ఇంటి యజమానులే! దేశము దానిని విరగబడి చూచి నవ్వినది. కోడండ్రు నవ్వుటకు కారణము నాకు తెలియును. అత్తగార్లేల నవ్విరో ఇంతవరకును తేలలేదు.